పల్చనిదా చిక్కనిదా

చుక్క పడింది. చాలాసేపటికి ఇంకో చుక్క పడింది. పటమటలో ఆ సందు చివర రేకుల షెడ్డులో, పాత బస్సులోంచి పీకి తెచ్చి గోడకి ఆనించిన సీటు మీద కూర్చుని తెరేసమ్మ ఆ చుక్కల్నే చూస్తోంది. మోటారుబండి ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపారు. ఆ చక్రానికి అటొకటి ఇటొకటి ఉండే షాకుల గొట్టాల అడుగున మరలు తీసేసి, కింద చెరొక డాల్డా డబ్బా పెట్టాడు మెకానిక్కు సాయిగణేష్. పాత ఆయిలంతా దిగాలట, గంట పడుతుందట. తొందరపెడితే అడుగున మడ్డి ఉండిపోతుందట. తెరేసమ్మకేం తొందర. తొందరలన్నీ ఆమె మోకాళ్లలోంచి ఎప్పుడో దిగిపోయాయి, ఇప్పుడున్నది మడ్డే. పొద్దున నాలుగింటికి లేచింది. నీళ్లు కాచి ముసలాయనకి స్నానం చేయించింది. ఆ వణికే చేతుల్లో గ్లాసు నిలవదు కనుక కాఫీ చెంచాతో పట్టింది. మనవరాలు ఏంజెల్‌కి కేరేజీ కట్టి ఆస్పత్రి డ్యూటీకి పంపింది. ఆ తర్వాత ఏంజెల్ మొగుడు జాన్ పాల్ ఈ బండి మీదే ఆమెని గుణదల నుంచి ఇక్కడికి తెచ్చి దింపి, సాయంత్రం డ్యూటీ దిగాక వచ్చి బండి తీసుకెళ్తానని చెప్పి పోయాడు. పోతూ పోతూ, అమ్మమ్మగారూ, మీరు ఆటోలో ఇంటికెళ్లిపోవచ్చు కదండీ, సాయిగణేష్ చూసుకుంటాడు అన్నాడు. వాడికేం తెలుసు. బండి షాకుల్లో ఆయిలు మార్చేటప్పుడు దగ్గరుండాలి. అది ఈ ఇంటి ఆచారం. కొందరి ఇళ్లల్లో పెళ్లిచూపులకి పెద్దావిడ దగ్గరుండాలంటారే, ఈ ఇంట్లో దీనికి.

"దగ్గరుండి పోయించు తెరేసా," అన్నాడు మొగుడు సంజీవరావు పొద్దున మంచం మీంచి. "కళ్లు తిప్పావంటే ఇంజనులోంచి తీసిన ఆయిలే పోసి మూత బిగించేస్తారు."

"ఏ ఆయిలు పొయ్యమని చెప్పను?"

"నన్నడక్కు. ఈసారి నువ్వే చెప్పు."

ఆ మాటే ఆమెని ఇక్కడ కూర్చోబెట్టింది. నలభై ఏళ్లుగా ప్రతి జనవరి ఆఖర్లో, ఇంకా గుణదల తిరునాళ్లకి జనం రాకముందే, ఆ మనిషి వాకిట్లో గోనెపట్టా పరుచుకుని, తనే మరలు విప్పి, తనే ఆయిలు దించి, తనే కొత్తది పోసేవాడు. ఒక ఏడు ఒక రకం, ఇంకో ఏడు ఇంకో రకం, ఆటోనగర్లో ఎవరో లారీ మేస్త్రీ చెప్పాడని ఒక ఏడు రెండూ కలిపి. ఒక్కనాడూ ఇంకొకరి చేత పోయించలేదు. రెండేళ్లుగా చేతులు వణుకుతుంటే కూడా పళ్ల బిగువున పోశాడు, సగం నేలపాలైంది. ఇప్పుడు, ఏంజెల్‌కి అయిదో నెల వచ్చినప్పుడు, ఇంటి ముందు పైపుల కోసం రోడ్డంతా తవ్విపోసినప్పుడు, షేరాటోలో వెళ్తే నడుము విరుగుతోందని పిల్ల ఏడుస్తున్నప్పుడు, జాన్ పాల్ స్కూటరు చిన్న చక్రాలు ఏ గుంతలో పడితే ఆ గుంతలోనే ఉండిపోతుంటే, నా బండి తీసుకెళ్లండి, పెద్ద చక్రాలు అని ముసలాయనే అన్నాడు. అని, ఆయిలు దగ్గరకొచ్చేసరికి నన్నడక్కు అన్నాడు. మొహం గోడకి తిప్పుకున్నాడు. ఆముదం తాగిన మొహం, అనుకోబోయి తెరేసమ్మ ఆ మాట దగ్గర ఆగింది. ఆ మాట ఆ ఇంట్లో అనరు.

సాయిగణేష్ రెండు డబ్బాలు తెచ్చి ఆమె పక్కన సీటు మీద పెట్టాడు. నలభై దాటిన మనిషి, నుదుట బొట్టు చెమటకి ముక్కు దాకా జారింది. "మామ్మగారూ, ఇది పది నంబరు, ఇది ఇరవై. ఏది పోద్దామంటారు?"

"తేడా ఏంటి నాయనా?"

"పదేమో పల్చన. ఇరవై చిక్కన. నెమ్మదిగా చెప్పండి, ఇంకా దిగుతోందిగా." ఇంకో బండి దగ్గరకి వెళ్లిపోయాడు.

పల్చన, చిక్కన. ఆమెకి చదువు రాదు, మూడో తరగతిలో పలక పగిలిపోతే మళ్లీ కొనలేదు నాన్న, డబ్బా మీద ఇంగ్లీషు అంకెలు మాత్రం బస్సు నంబర్ల పుణ్యమా అని గుర్తుపడుతుంది. కిందనున్న డబ్బాలోంచి వాసన కొడుతోంది. చేపల వాసన. ఎందుకో ఈ ఆయిలు పాతబడితే చేపల వాసనే వస్తుంది. తోట్లవల్లూరులో ఉన్నప్పుడు ఏరు తగ్గాక మడుగుల్లో ఉండిపోయిన చిన్న చేపలు తెచ్చి పులుసు పెట్టేది, అప్పుడు సంజీవరావు పశువుల ఆస్పత్రి కాంపౌండరు, కరకట్ట మీద ఊరూరూ తిరిగి గొడ్లకి సూదులు వేసి చీకటి పడేవేళకి వచ్చేవాడు. బండి వెనక చెక్కపెట్టె, పెట్టెలో గాజు సీసాలు, సీసాల మధ్య ఆమె చింకిచీరలు మడతపెట్టి కూరేది. ఒక సీసా పగిలినా ఆ పూట అన్నం తినేవాడు కాదు. ఆ గేదె నోరు లేనిది తెరేసా, మందు పగిలిపోయిందని దానికి ఎట్టా చెప్పను అనేవాడు. మాటలు బాగా వచ్చేవి అప్పుడు. పెళ్లయిన కొత్తలో ఆయన మాటలకి నవ్వలేక ఆమె కొంగు నోట్లో కుక్కుకునేది, అత్త వింటుందని. ఆ మాటలన్నీ ఎక్కడికి పోయాయి. వయసుతో పోయాయని పిల్లలనుకుంటారు. వయసుతో పోలేదు. ఒక్క పూటలో పోయాయి. పోగొట్టింది ఎవరో ఆమెకి తెలుసు.

చుక్క. ఈసారి నల్లగా, సాగి, తెగి పడింది. ఒళ్లోని సంచిలో తువ్వాల్లో చుట్టిన సిరంజి ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంది. గాజు సిరంజి, గొడ్లకి వేసేది, మణికట్టంత లావు. రెండు గొట్టాల్లోనూ కొలత ఒక్కటిగా పడాలి, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువైతే బండి కుంటుతుందని ఆయన దీంతోనే కొలిచేవాడు, కాలికి మూడు సిరంజీలు. గొట్టాలు అనేవాడు కాదు, కాళ్లు అనేవాడు. పశువుల మనిషి కదా. ముందు కాళ్లు. పోసి, మూతలు బిగించి, చేతులు కడుక్కుని, ఎక్కు తెరేసా అనేవాడు. ఆమె వెనక కూర్చునేది. సందు చివరి దాకా వెళ్లి రావడం, దారిలో ఏ గుంతనీ తప్పించకుండా. దిగాక అడిగేవాడు, ఎట్టా ఉంది? ఏదో ఉంది, అనేది ఆమె. ప్రతి ఏడూ అదే ప్రశ్న, అదే జవాబు. బాగుంది అని ఒక్క ఏడైనా అంటే ఏం పోయేది. బండి మీద మోజనుకుంది చాలా ఏళ్లు, మగవాళ్లకి ఉండే పిచ్చి అనుకుంది. కాదు, అనుకోలేదు. అనుకున్నట్టు తనకి తనే చెప్పుకుంది. రెండింటికీ తేడా ఉంది. పల్చనకీ చిక్కనకీ ఉన్నట్టు.

నలభై ఏళ్ల కిందట ఒక ఫిబ్రవరి. ఆమెకి ఏడో నెల. గుణదల మాత తిరునాళ్లకి వెళ్దామని ఆమే అంది. కరకట్ట మీద గతుకులే, కడుపుతో ఎట్టా వెళ్తావంటూ అత్త గొణిగింది. అప్పుడే సంజీవరావుకి ఆ ఆలోచన వచ్చింది. ఆస్పత్రిలో కడుపుబ్బరం గొడ్లకి పట్టే ఆముదం, సర్కారు సీసా, చిక్కగా బంగారంలా ఉండేది, అది తెచ్చి షాకుల్లో పాత ఆయిలు తీసేసి పోశాడు. బజారులో దొరికేదంతా నీళ్లు తెరేసా, ఇది చూడు ఎంత చిక్కన, దీని మీద నువ్వు పరుపు మీద పోతున్నట్టు పోతావు, అని హాండిలు పట్టుకుని నొక్కి నొక్కి చూపించాడు. ఎంత సంబరం ఆ మొహంలో. మిగిలిన చుక్క వేలితో తీసి ఆమె పాపిట్లో రాసి, ఇది నీకు, పుట్టాక పిల్ల మాడుకి వేరే తెస్తాలే అన్నాడు. పొద్దున్నే మంచు. చలికి ఆ ఆముదం గొట్టాల్లో ఏమైందో ఏమో, కట్ట ఎక్కినప్పటి నుంచీ ఒక్కొక్క గతుకూ రోకటిపోటులా నడుముకి తగిలింది. పరుపు లేదు, పాడూ లేదు. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, ఎట్టా ఉంది, ఎట్టా ఉంది అంటూ. ఆమె పళ్లు బిగబట్టుకుంది. సగం దారిలో నొప్పులు. సిస్టర్ల ఆస్పత్రి. ఆడపిల్ల. ఏడవలేదు. ఆయన రక్తం కోసం పరిగెత్తి వచ్చేటప్పటికి అంతా అయిపోయింది. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి ఆమె నోట్లోంచి ఆ మాట వచ్చింది. ఆముదం పోసి చంపావు.

అంతే. నాలుగు ముక్కలు కూడా లేవు. ఆయన చెప్పులు విప్పి లోపలికొచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆముదం లేదు. తర్వాత కూతురు అమల పుట్టినప్పుడు మంత్రసాని ఆముదమేదమ్మా అంటే కొబ్బరినూనె తెచ్చిచ్చాడు. అమలకి ఏంజెల్ పుట్టినప్పుడూ అంతే. అందరూ వాసన పడదనుకున్నారు.

"మామ్మగారూ, టీ తాగుతారా?"

"వద్దులే నాయనా. ఒకటి చెప్పు. చిక్కటిది పోస్తే మెత్తగా ఉండదా?"

సాయిగణేష్ నవ్వాడు. "అందరూ ఆ మాటే అంటారండీ. పరుపనుకుంటారు. ఆ గొట్టం లోపల చిన్న చిన్న చిల్లులుంటాయి మామ్మగారూ. గుంత వచ్చినప్పుడు ఆయిలు ఆ చిల్లుల్లోంచి జారాలి. జారితేనే రాడ్డు కిందికి దిగుద్ది. మరీ చిక్కనైతే జారదు, రాడ్డు దిగదు. అప్పుడా దెబ్బ ఎవరికి? చేతులకీ, వెనకాల కూర్చున్నోళ్ల నడుముకీ."

"మరి పల్చటిది?"

"మరీ నీళ్లయితే అడుక్కంటా దిగిపోయి టక్కుమని కొట్టుద్ది. పది అంత పల్చన కాదులెండి. గేస్ బండలేసుకుని తిరిగేవాళ్లకి ఇరవై పోస్తాను, మనిషి కూర్చోవాలంటే పదే. తాతగారికి ఇవన్నీ తెలుసే. ఇదివరకు ఇక్కడికొచ్చి నాకే పాఠం చెప్పేవారు."

"ఎప్పుడు?"

"మా నాన్న ఉన్నప్పుడండీ. నేను అప్పుడే పని నేర్చుకుంటున్నా. చిక్కటిది మెత్తనని ఎప్పుడూ అనుకోమాకు, అనుకుంటే మనుషులు పోతారు అన్నారు. మా నాన్న, ఏంటి సంజీవరావుగారూ అంత మాట అని నవ్వాడు. ఆయన నవ్వలేదు."

తెరేసమ్మ డబ్బా కేసి చూసింది. అయితే తెలుసుకున్నాడు. ఎప్పుడో, ఎవరో చెప్పి ఉంటారు, చిక్కటిది గట్టిదని. అప్పటిదాకా పెళ్లాం నొప్పిలో అన్న మాటలే అని సర్దుకున్నాడేమో. ఆ తెలిసిన రోజు మాత్రం ఆ మాట ఆయన లోపలికి దిగి, అడుగున మడ్డిలా పేరుకుంది. ఏ రోజది? ఆమె వెతుక్కుంది. జ్ఞాపకాలకేం, వెతికితే కుప్పలు. అమల అయిదో ఏట, ఒక సాయంత్రం బండి నడిపించుకుంటూ వచ్చి, ఎక్కకుండా, ఊరంతా నడిపించుకుంటూ వచ్చి, వాకిట్లో నిలబెట్టి, అన్నం వద్దన్నాడు. సీసా పగిలిందా అని అడిగింది ఆమె. ఊఁ అన్నాడు. పెట్టె తీసి చూస్తే సీసాలన్నీ బాగానే ఉన్నాయి. అడగలేదు ఆమె. అడిగితే చెప్పేవాడు. చెప్తే ఆమె కూడా చెప్పాల్సి వచ్చేది.

ఏం చెప్పాలి? ఇప్పుడైనా, ఈ రేకుల కింద, ఈ గ్రైండరు రొదలో, తనకి తనే చెప్పుకుంటే ఎవరు వింటారు. ముందు రోజు సాయంత్రం నుంచే పిల్ల కదల్లేదు. అదీ సంగతి. చల్లటి నీళ్లు తాగి ఎడం పక్కకి పడుకుంది. కదల్లేదు. బెల్లం ముక్క తింది. కదల్లేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని తెల్లవార్లూ జపమాల తిప్పింది. చెప్తే ప్రయాణం ఆపేస్తాడు. గుణదల మెట్లెక్కి తల్లి పాదాల దగ్గర కొబ్బరికాయ కొడితే కదులుతుంది, అదొక్కటే ఆమె నమ్మకం, ఇరవై అయిదేళ్ల పిల్ల నమ్మకం. అందుకే పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. గతుకు గతుకుకీ కదులు తల్లీ, కదులు అనుకుంది. గతుకులకే పొట్ట కదిలింది, పిల్ల కదల్లేదు. ఆస్పత్రిలో ముసలి సిస్టరు ఆమె చెవి దగ్గరకి వంగి, ఇది దారిలో అయింది కాదమ్మా, నిన్ననే అయింది అంది. ఆయన గుమ్మంలోకి వచ్చింది ఆ తర్వాతే. తర్వాతే. అన్నీ తెలిసే అంది ఆ మాట. చెప్పనందుకు తనని తను అనుకోవాల్సిన మాట, తీసుకెళ్లి ఆయన నెత్తిన పెట్టింది, ఆయన దించుకోలేదు. చేతులు వణికేది ముసలితనం వల్లేనని డాక్టరు అన్నాడు. డాక్టరుకి అన్నీ తెలుస్తాయా. నలభై ఏళ్లు మోస్తే ఎవరి చేతులు వణకవు. పాపసంకీర్తనంలో ఫాదరు దగ్గర ఎన్ని పాపాలు చెప్పుకుంది. పాలల్లో నీళ్లు, తోడికోడలి మీద చాడీలు. ఇది చెప్పలేదు. ఇది ఫాదరు దగ్గర చెప్పుకునేది కాదని తెలుసు. ఎవరి దగ్గర చెప్పాలో ఆయనకి ఇప్పుడు చెవులు కూడా సరిగ్గా వినిపించవు.

చుక్కలు ఆగిపోయాయి. సాయిగణేష్ వచ్చి కింద మరలు బిగించి, పైన మూతలు తీశాడు. తెరేసమ్మ లేచింది. మోకాలు కలుక్కుమంది. పది నంబరు డబ్బా మూత తీయించి, వేలు ముంచి, బొటనవేలితో కలిపి తీసి చూసింది, అరిసెలకి పాకం చూసినట్టు. ఒక్క తీగ సాగి తెగింది. లేత పాకం. ఇరవై కూడా చూసింది. సాగుతూనే ఉంది, తెగనంటోంది.

"ఇది," అంది, పది డబ్బా చూపించి. సిరంజి తీసి ఇచ్చింది. "దీంతో కొలువు. కాలికి మూడు."

"కాలికా?" అన్నాడు సాయిగణేష్, కానీ పోశాడు. ఎర్రటి ఆయిలు గాజులోకి ఎక్కడం, గొట్టంలోకి దిగడం ఆమె రెప్ప వెయ్యకుండా లెక్కపెట్టింది. ఈ కాలికి మూడు. ఆ కాలికి మూడు. మూతలు బిగించాక, "ఇప్పుడు నువ్వెక్కు. నేను వెనక కూర్చుంటా. ఆ సందులో గుంతలన్నీ ఎక్కించు," అంది.

"మామ్మగారూ, ఈ వయసులో మీకెందుకండీ."

"నా వయసు సంగతి నాకు తెలుసులే. పోనియ్యి."

పోనిచ్చాడు. కాలువ తవ్వి పూడ్చిన గట్టు, మేన్‌హోల్ మూత, ఆటోలు తిని వదిలేసిన పెద్ద గుంత. తెరేసమ్మ ఒక చెయ్యి సీటు కింద ఇనుపకమ్మీకి పట్టి, ఇంకో చెయ్యి తెలియకుండానే పొట్ట మీద వేసుకుంది. గుంత వచ్చింది, బండి ముందుకి వంగి దిగింది, లేచింది, చేపల పడవ ఏట్లో కదిలినట్టు. నడుముకి ఏమీ రాలేదు. మళ్లీ తిప్పించింది. మళ్లీ రాలేదు. ప్రతి ఏడూ ఇట్టాగే ఉండేది. ప్రతి ఏడూ ఆయన సరిగ్గానే పోశాడు.

షెడ్డులో దిగి, సంచిలోంచి ఫోను తీసి, ఏంజెల్ నొక్కడం నేర్పిన పచ్చ గుర్తు నొక్కింది. చాలాసేపు మోగింది. వణికే చేత్తో ఆయన ఫోను చెవికి చేర్చుకునేదాకా ఆగాలి కదా.

"తెరేసా? పోశాడా?"

"పోశాడు. పల్చటిది. సిరంజితోనే. నేను ఎక్కి కూర్చుని చూశా." ఊపిరి తీసుకుంది. "బాగుందయ్యా."

అవతల ఫాను చప్పుడు.

"ఏమయ్యా, విను. ఆ తిరునాళ్లప్పుడు, కట్ట మీద వచ్చిన రోజు. బండెక్కకముందే పిల్ల కదలట్లేదయ్యా."

"ఏంటీ? వినపడట్లా."

ఆ ఇంట్లో ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి. కూర వండాననీ, కరెంటు పోయిందనీ. ఒకసారి చెప్పడానికే నలభై ఏళ్లు పట్టిన మాట ఇది. తెరేసమ్మ గోడకి తిరిగి నిలబడింది. సాయిగణేష్ ఏమనుకున్నాడో, గ్రైండరు ఆపేశాడు.

"బండెక్కకముందే పోయింది. ముందు రోజే. నాకు తెలుసు. సిస్టరు కూడా చెప్పింది. నీ ఆముదం కాదు. నేను చెప్పలేదు నీకు. కాదు నీ ఆముదం."

వినపడిందో లేదో. ఫాను తిరుగుతూనే ఉంది. ఆయన ఊపిరి మాత్రం ఫోనులో దగ్గరగా వస్తోంది, బరువు దించుకున్నవాడిదో ఎత్తుకున్నవాడిదో తెలియడం లేదు. మళ్లీ చెప్పమంటే మళ్లీ చెప్తుంది. ఎన్నిసార్లయినా చెప్తుంది.

"రెండు కాళ్లకీ సమానంగా పడిందా?" అన్నాడు చివరికి.

"పడింది. మూడూ మూడూ. నేను లెక్కపెట్టా."

"ఊఁ."

"వచ్చేటప్పుడు ఆముదం తెస్తాను."

"ఎందుకూ?"

"మాడుకి. మన ఏంజెల్‌కి పుట్టేదానికి. నాలుగు నెల్లేగా. నువ్వే రాయాలి, నాకు వంగడం చేతకాదు."

ముసలాయన ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"వన్ టౌన్లో గానుగ దగ్గర తే," అన్నాడు. "పల్చటిది అంటగడతారు, ఒప్పుకోమాకు. మాడుకి చిక్కటిదే."